అగస్టా నేల టీవీలో ఎందుకు చదునుగా కనిపిస్తుంది?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీరు పదేళ్ళుగా ప్రతి ఏప్రిల్‌లో రాత్రిళ్ళు మేలుకొని టీవీలో అమెరికాలోని అగస్టాలో జరిగే మాస్టర్స్ గోల్ఫ్ టోర్నమెంటు చూస్తున్నారు. ఈసారి అట్లాంటాలో ఉన్న మీ అబ్బాయికి లాటరీలో ప్రాక్టీస్ రోజు టికెట్లు వచ్చాయి. వెళ్ళివచ్చినవారంతా అది మైదానం కాదు, కొండ అంటున్నారు. టీవీలో చూస్తే తివాచీ పరిచినట్టు చదునుగా ఉంది. ఇన్నేళ్ళుగా చూసింది మోసమా, మోకాళ్ళ నొప్పితో అక్కడ తిరగగలనా అని అడిగారు.

నేను పద్దెనిమిదేళ్ళు క్రీడా ప్రసారాలలో కెమెరామన్‌గా పనిచేశాను. అందులో ఎక్కువ భాగం క్రికెట్. గోల్ఫ్ పని ఢిల్లీలోనూ, గురుగ్రామ్‌లోనూ, మన హైదరాబాదులోనూ చేశాను. గోల్కొండ నయా ఖిల్లాలోని కోర్సులో వారానికి ఒక రోజు ఆడతాను కూడా. అగస్టాకు మాత్రం పని మీద ఎన్నడూ వెళ్ళలేదు. రెండుసార్లు మీలాగే ప్రాక్టీస్ రోజు టికెట్‌తో వెళ్ళి, నడిచి చూశాను. అందువల్ల కెమెరా వెనుక నుంచి తెలిసినదీ, కాళ్ళకు తెలిసినదీ రెండూ చెప్పగలను.

వెళ్ళివచ్చినవారు చెప్పింది నిజం. మీరు టీవీలో చూసింది మోసమూ కాదు. ఎత్తుపల్లాలను దాచాలని ఏ దర్శకుడూ కోరుకోడు. వాటిని చూపించడానికే కష్టపడతారు. అయినా అవి తెర మీదికి రాకపోవడానికి అసలు కారణం కెమెరా నిలబడే చోటు. దీన్ని ఒక లెక్కతో వివరిస్తాను.

పది మీటర్ల ఎత్తున్న టవరు మీద కెమెరా ఉందనుకోండి, ఎదుట నేల పూర్తిగా చదునుగా ఉందనుకోండి. 150 మీటర్ల దూరంలో పడిన బంతిని చూస్తున్నప్పుడు కెమెరా చూపు నేలను సుమారు నాలుగు డిగ్రీల కోణంలో తాకుతుంది. ఇప్పుడు అదే టవరును నాలుగు డిగ్రీలు కిందికి వాలిన నేలకు పై అంచున నిలబెట్టండి. 150 మీటర్ల దూరం వెళ్ళేసరికి నేల పదిన్నర మీటర్లు దిగిపోతుంది. అది మూడంతస్తుల మేడ ఎత్తు. అయినా కెమెరా చూపు ఆ నేలను తాకే కోణం ఇంచుమించు ముందరి కోణమే. అంటే తెర మీద పచ్చిక అంతే పరుపుగా, అంతే విశాలంగా కనిపిస్తుంది. ఉన్న తేడా అల్లా, రెండోసారి కెమెరామన్ కెమెరా తలను మరో నాలుగు డిగ్రీలు కిందికి వంచుతాడు. ఆ వంపు అతని చేతికి తెలుస్తుంది. ఇంట్లో కూర్చుని చూసేవారికి అది తెలిసే మార్గం దాదాపు లేదు, ఎందుకంటే బంతిని దగ్గరగా చూపించే షాట్‌లో ఆకాశం, నేల కలిసే గీత ఉండదు. అగస్టాలో పొడవైన పైన్ చెట్లు అంతటా ఉన్నా, తెరలోకి వాటి మొదళ్ళు మాత్రమే వస్తాయి. ఆ మొదళ్ళు నిటారుగా ఉన్నాయా, నాలుగు డిగ్రీలు అటూ ఇటూ ఉన్నాయా అని కన్ను పట్టించుకోదు.

నేను ఊహించి ఈ నాలుగు డిగ్రీలు తీసుకోలేదు. గోల్ఫ్ కోర్సులో ఒక్కో ఆట దారిని హోల్ అంటారు. అగస్టాలో పదో హోల్ పొడవు 495 గజాలు. టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి గ్రీన్ (బంతి పడవలసిన కప్పు ఉండే నున్నటి పచ్చిక) వరకు నేల దాదాపు వంద అడుగులు దిగుతుంది. సగటు తీస్తే వాలు నాలుగు డిగ్రీలకు దగ్గరగా వస్తుంది, కానీ నేల అంతటా ఒకే తీరున దిగదు కాబట్టి కొన్ని చోట్ల అంతకన్నా బాగా నిలువుగా ఉంటుంది. మొదటిసారి నేను ఆ టీ పక్కన నిలబడి కిందికి చూసినప్పుడు ఇది నేను టీవీలో చూసిన హోలేనా అనిపించింది. సింహాచలం మెట్ల దారిలో పై నుంచి కిందికి చూస్తే పాదాలు వాటంతట అవే వెనక్కి బిగుసుకుంటాయే, అలా బిగుసుకున్నాయి.

నిజ జీవితంలో మనం వాలును కళ్ళతో మాత్రమే చూడము. మెడ ఎంత వంగిందో, బరువు మడమల మీద పడుతోందో, వేళ్ళ మీద పడుతోందో, ఊపిరి ఎంత వేగంగా ఆడుతోందో, ఇవన్నీ కలిసి నేల ఎలా ఉందో చెబుతాయి. కుర్చీలో కూర్చుని చూసేవారికి వీటిలో ఒక్కటీ అందదు. కెమెరామన్‌కు కూడా అందదని నాకు గురుగ్రామ్‌లో తెలిసివచ్చింది. ఇండియన్ ఓపెన్ గోల్ఫ్ పోటీ జరిగే డీఎల్ఎఫ్ కోర్సును ఒకప్పటి మేటి ఆటగాడు గ్యారీ ప్లేయర్ రూపొందించారు. గ్రీన్‌ల మీద మెలికలు చాలా ఎక్కువ. అక్కడ ఒక గ్రీన్ వెనుక లిఫ్ట్ మీద రోజంతా నిలబడి పని చేశాను. ఒక ఆటగాడి పట్ (గ్రీన్ మీద బంతిని కప్పు వైపు దొర్లించే దెబ్బ) దాదాపు అర్ధచంద్రాకారంలో వంగి, కప్పు దాటి గ్రీన్ బయటికి దొర్లిపోయింది. వ్యూఫైండర్‌లో చూస్తున్న నాకు అతను చాలా గట్టిగా కొట్టాడనే అనిపించింది. సాయంత్రం ఆట ముగిశాక కేబుళ్ళు చుట్టి కిందికి దిగి, ఆ గ్రీన్ అంచున అతను నిలబడిన చోటుకు వెళ్ళాను. అక్కడి నుంచి కప్పు ఉన్న చోటు నా మోకాలి ఎత్తు కన్నా కిందికి ఉంది. అంత వాలులో బంతిని తాకీ తాకనట్టు తాకాలి. అతను చేసింది అదే. ఎనిమిది గంటలు ఆ గ్రీన్‌నే చూస్తూ గడిపిన నేను దాని ఆకారాన్ని ఒక్క క్షణం కూడా చూడలేదు. మేడ మీది నుంచి వంగి చూస్తే మెట్ల గీతలు కనిపిస్తాయి గాని మెట్ల ఎత్తు కనిపించదు కదా, గ్రీన్‌ను టవరు మీది నుంచి చూడడం కూడా అంతే.

వాలు తరువాత చెప్పవలసింది దూరం. దీనికి మంచి ఉదాహరణ మనందరికీ తెలిసిన క్రికెట్‌లోనే ఉంది. పిచ్ పొడవు 22 గజాలు, అంటే 20 మీటర్లు. టీవీలో బౌలర్ వెనుక నుంచి చూపించే షాట్‌లో బ్యాట్స్‌మన్ నాలుగైదు అంగల దూరంలో ఉన్నట్టు ఉంటాడు. మైదానంలోకి వెళ్ళి పిచ్ పక్కన నిలబడినవారు, ఇంత దూరమా అని ఆశ్చర్యపోతారు. మీకు 30 మీటర్ల దూరంలో ఒకరు, 50 మీటర్ల దూరంలో మరొకరు నిలబడితే, ముందున్న మనిషి వెనుకనున్న మనిషి కన్నా ఒకటిన్నర రెట్లకు మించి పెద్దగా కనిపిస్తాడు. అదే ఇద్దరినీ 300 మీటర్ల అవతలి నుంచి చూస్తే ఆ తేడా ఏడు శాతంలోపే. వారి మధ్య ఉన్న 20 మీటర్లు చూపుకు మాయమైపోతాయి. ప్రసారంలో వాడే పెద్ద లెన్సులలో 86 రెట్లు జూమ్ చేసేవీ, వంద రెట్లు దాటినవీ ఉన్నాయి. కాబట్టి కెమెరా అంత దూరాన నిలబడి కూడా తెర నిండా మనిషిని చూపించగలదు. దూరం తగ్గినట్టు కనిపించడం జూమ్ చేసిన పని అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పని చేసింది కెమెరా దూరంగా ఉండడమే. జూమ్ దాన్ని పెద్దది చేసి మన ముందు పెడుతుంది.

దీని ప్రభావం అగస్టాలో అన్నిటికన్నా ఎక్కువగా పన్నెండో హోల్ మీద పడుతుంది. పొడవు 155 గజాలే. టీవీలో చూస్తే ముందు రేస్ క్రీక్ అనే వాగు, దాని వెనుక అడ్డంగా పరచిన గ్రీన్, ఇంత చిన్న షాట్‌కు ప్రపంచంలోని మేటి ఆటగాళ్ళు ఎందుకు తడబడతారో అర్థం కాదు. ఆ గ్రీన్ ఆటగాడికి ఎదురుగా అడ్డంగా లేదు, ఐమూలగా ఉంది. దాని కుడి చివర ఎడమ చివర కన్నా దూరం. కుడిచేతి వాటం ఆటగాడు బంతిని సరిగా కొట్టలేనప్పుడు అది సాధారణంగా కుడివైపుకు, కాస్త తక్కువ దూరం పోతుంది. సరిగ్గా అటువైపే గ్రీన్ వెనక్కి జరిగి ఉంది, దాని ముందున్న గట్టు నున్నగా కత్తిరించి నీటిలోకి వాలి ఉంది. దూరపు లెన్సు ఈ ఐమూలను నొక్కేసి అడ్డగీతలా చేస్తుంది. 2019 మాస్టర్స్ చివరి రోజైన ఆదివారం నాడు ఫ్రాన్సెస్కో మోలినారి, బ్రూక్స్ కెప్కా, టోనీ ఫినావ్, ఇయాన్ పౌల్టర్ నలుగురూ అక్కడ బంతిని నీటిలో వేశారు. టైగర్ వుడ్స్ మాత్రం కుడివైపు కప్పు దగ్గర ఉన్న జెండా జోలికి పోకుండా ఎడమవైపు భాగంలో బంతిని దించాడు. ఈ ఐమూల సంగతి తెలిస్తే ఆ షాట్ పిరికితనం కాదనీ, ఆ రోజు ఆడిన వాటిలో అన్నిటికన్నా తెలివైన షాట్ అనీ అర్థమవుతుంది. అలాగే 1992లో ఫ్రెడ్ కపుల్స్ బంతి ఆ గట్టు మీద పడి, నీటిలోకి జారకుండా మధ్యలో ఆగిపోయింది. ఆ గట్టు ఎంత ఏటవాలుగా ఉందో తెలియకపోతే దాన్ని జనం ఇన్నేళ్ళుగా ఎందుకు చెప్పుకుంటున్నారో తెలియదు.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి. ప్రేక్షకులను పన్నెండో టీ దాటి ముందుకు వెళ్ళనివ్వరు. మీరు కూడా ఆ గ్రీన్‌ను టీ వెనుక నుంచే చూస్తారు. అయినా కంటికి తేడా తెలుస్తుంది: బంతి గాలిలో ఉన్న సమయం, చెట్ల పైకి లేచాక గాలి దాన్ని తోసే తీరు, వాగు ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డు దాకా ఉన్న ఖాళీ, ఇవన్నీ కలిసి ఆ 155 గజాలు ఎంతో మీకు చెబుతాయి.

టీవీ కొన్నిటిని ఉన్నదానికన్నా కష్టంగా కూడా చూపిస్తుంది. టీ వెనుక నుంచి తీసిన షాట్‌లో అగస్టా ఫెయిర్‌వేలు (టీకి, గ్రీన్‌కు మధ్య ఉండే పచ్చిక దారులు) సందుల్లా ఇరుకుగా కనిపిస్తాయి. అక్కడ నిలబడి చూస్తే చాలా వాటి వెడల్పు చూసి ఆశ్చర్యపోతారు. పద్దెనిమిదో టీ ముందున్న చెట్ల సందు మాత్రం నిజంగానే ఇరుకు. ఫ్లోరిడాలో సాగ్రాస్ కోర్సు పదిహేడో హోల్‌ది మరో తీరు. పై నుంచి తీసిన షాట్‌లో ఆ గ్రీన్ చెరువు మధ్య వేసిన పీటలా కనిపిస్తుంది. టీ మీద నిలబడితే అది 137 గజాల దూరంలో, ఆడదగినంత పెద్దగానే ఉంటుంది. దాని వెనుక నుంచి నేలకు కలిపే సన్నని దారి కూడా ఉంది. భయం కొంత నీటిది, కొంత కెమెరాది.

గ్రీన్‌ల సంగతికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే అగస్టాకు వెళ్ళినవారు తప్పక చూడవలసింది అవే. పద్నాలుగో హోల్ మొత్తంలో ఒక్క బంకరు (ఇసుక గుంట) కూడా లేదు. అక్కడ బంకరు లేని హోల్ అదొక్కటే. టీవీలో దాన్ని త్వరగా దాటేస్తారు. గ్రీన్ ముందు భాగంలో ఉన్న మెరక, దాని మీది నుంచి కుడివైపుకు జారిపోయే నేల చూశాక ఇక్కడ ఇసుక ఎందుకు తవ్వలేదో మీకే తెలుస్తుంది. నా మొదటి యాత్రలో ఆ గ్రీన్ పక్కన ముప్పావు గంట నిలబడ్డాను. ప్రాక్టీస్ రోజు కాబట్టి ఆటగాళ్ళు ఒక్కొక్కరు నాలుగైదు బంతులు దొర్లించి చూస్తారు. ఆటగాడి కర్రల సంచి మోసే క్యాడీ ఒక చోట వేలితో చూపిస్తాడు, ఆటగాడు కప్పుకు వీపు పెట్టినంత పక్కకు తిరిగి కొడతాడు, బంతి ఎటో వెళుతున్నట్టు వెళ్ళి, ఆగినట్టే ఆగి, మళ్ళీ నెమ్మదిగా కప్పు వైపు తిరుగుతుంది. టీవీలో ఇది ఒక తెలివైన పట్. పక్కన నిలబడి చూస్తే ఆ నేలను అతను ఎంత శ్రద్ధగా చదివాడో కనిపిస్తుంది.

ఇక రంగు. అగస్టా పచ్చదనం రంగు వేసింది అనుకునేవారు ఉన్నారు. తెర మీది రంగులో కొంత మనిషి చేయి ఉండే మాట వాస్తవమే: ప్రసార వాహనంలో కూర్చున్న ఒకరు అన్ని కెమెరాల రంగులనూ ఒకదానితో ఒకటి కలిపి సరిచేస్తూ ఉంటారు, ఆ పని లేకపోతే ఒక షాట్‌లో గడ్డి పసుపుగా, మరో షాట్‌లో నీలంగా కనిపిస్తుంది. కానీ అక్కడి గడ్డి నిజంగానే అంత పచ్చగా ఉంటుంది. ఆ ఫెయిర్‌వేల అడుగున ఉన్నది బెర్ముడా గడ్డి, అంటే వినాయక చవితికి మనం కోసే గరిక జాతే. చలికాలంలో గరిక నిద్రలోకి వెళ్ళి గోధుమరంగుకు మారుతుంది. అందుకని శరదృతువులో దాని మీద రై గడ్డి విత్తనం చల్లుతారు. ఏప్రిల్‌లో మనం చూసే మరకతపు పచ్చ దానిదే. ఎండాకాలం వచ్చేసరికి కోర్సును మూసేస్తారు. కోత యంత్రాన్ని గ్రీన్ వైపు నుంచి టీ వైపుకు ఒకే దిశలో నడుపుతారు కాబట్టి గడ్డి పోచలన్నీ ఆటగాడి వైపు వంగి ఉంటాయి. మన వైపు వంగిన పోచ ముదురుగా, అవతలికి వంగినది లేతగా కనిపిస్తుంది. మిగిలిన కోర్సులలో ఉండే చారలు అగస్టాలో లేకపోవడానికి, టీ నుంచి చూస్తే ఫెయిర్‌వే అంతా ఒకే ముదురు పచ్చలో ఉండడానికి కారణం అదే. అక్కడికి వెళ్ళాక గ్రీన్ దాకా నడిచి వెనక్కి తిరిగి చూడండి, అదే ఫెయిర్‌వే లేత రంగులో కనిపిస్తుంది.

ఈ రంగు విషయంలో నాకు బాధ ఉంది, దాచుకోను. ఏడాదిలో ఒక వారం కోసం సిద్ధమయ్యే ఒక తోటను టీవీలో చూసి, ప్రపంచంలోని కోర్సులన్నీ ఏడాదంతా అలాగే ఉండాలని ఆశిస్తున్నాము. 2015లో యూఎస్ ఓపెన్ వాషింగ్టన్ రాష్ట్రంలోని చాంబర్స్ బేలో జరిగినప్పుడు ఫెస్క్యూ గడ్డి ఎండి గోధుమరంగులో కనిపించగానే, కోర్సు చచ్చిపోయింది అన్నవారు ఉన్నారు. అక్కడి గ్రీన్‌లలో వేరే జాతి గడ్డి కలిసి బంతి ఎగిరిపడడం నిజమైన లోపమే, ఆటగాళ్ళ ఫిర్యాదు న్యాయమైనదే. కానీ ఎండిన రంగు లోపం కాదు. 2006లో ఇంగ్లండులోని హాయ్‌లేక్ కోర్సు ఎండి గట్టిపడి ఉన్నప్పుడు టైగర్ వుడ్స్ 72 హోల్స్‌లో డ్రైవర్‌ను (బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే కర్రను) ఒక్కసారే బయటికి తీసి బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. బంతి ఎక్కడ పడి ఎంత దొర్లుతుందో లెక్క వేసి ఆడడం ఆ నేల మీదే సాధ్యం. మన దగ్గర ఒక క్లబ్బులో మే నెలలో ఫెయిర్‌వే రంగు మారిందని సభ్యులు మాలీలను నిలదీయడం నేను చూశాను. నలభై రెండు డిగ్రీల ఎండలో గరిక చేయవలసింది గరిక చేస్తుంది. దానికి అగస్టా రంగు రావాలంటే పోయవలసిన నీళ్ళు మన ఊళ్ళలో తాగడానికి కావాలి.

టీవీలో మీరు వినే శబ్దాల గురించి కూడా ఒక్క మాట. 2000 సంవత్సరంలో అమెరికా టీవీ సంస్థ సీబీఎస్ తన గోల్ఫ్ ప్రసారాలలో ముందే రికార్డు చేసిన పక్షుల కూతలు కలిపినట్టు ఒప్పుకొంది. ఆ ప్రాంతంలో, ఆ కాలంలో ఉండని పక్షుల కూతలు వినిపించాయని పక్షి ప్రేమికులు పట్టుకున్నారు. అగస్టాలో చెవికి అన్నిటికన్నా కొత్తగా అనిపించేది వేరు. ఒక లోయలో లేచిన కేక ఎక్కడో రెండు హోల్స్ అవతల ఉన్న మీదాకా వస్తుంది, ఏమి జరిగిందో తెలియదు. ఫోన్లు లోపలికి తీసుకురానివ్వరు కాబట్టి చూసి తెలుసుకునే వీలూ ఉండదు. మీరు అబ్బాయితో విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. ప్రాక్టీస్ రోజులలో ఫొటో కెమెరాను మాత్రం అనుమతిస్తారు.

మీ మోకాళ్ళ గురించి. ఎక్కడం ఊపిరికి కష్టం, దిగడం మోకాళ్ళకు కష్టం. కాబట్టి పదో హోల్ పక్కన దిగుడు మీకు ఆ రోజు అన్నిటికన్నా కఠినమైన భాగం. పొద్దున్నే, కాళ్ళు అలసిపోకముందే, ఒకేసారి దిగండి; తడి పచ్చిక మీదా, రాలిన పైన్ ఆకుల మీదా జారుతుంది కనుక పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. దిగాక పైకి రావద్దు. కోర్సులోనే అమ్మే మడత కుర్చీ కొనుక్కొని పన్నెండో టీ వెనుక ఒక గంట కూర్చోండి. తరువాత పదమూడో హోల్ పక్కన ఆటగాళ్ళ పాదాలను గమనించండి: ఫెయిర్‌వే కుడి నుంచి ఎడమకు వాలి ఉంటుంది కాబట్టి కుడిచేతి ఆటగాడికి బంతి పాదాల కన్నా ఎత్తులో ఉంటుంది, అతను కర్రను కాస్త కిందికి పట్టుకొని నిటారుగా నిలబడతాడు. అక్కడి నుంచి నెమ్మదిగా పదహారో హోల్‌కు వెళ్ళండి. ప్రాక్టీస్ రోజులలో ఆటగాళ్ళు చెరువు నీటి మీద బంతిని చిన్న పిల్లలు చిల్లపెంకు విసిరినట్టు ఎగిరెగిరిపడేలా కొడతారు, జనం అడిగి మరీ కొట్టిస్తారు. సాయంత్రం పద్దెనిమిదో హోల్ పక్కన తిరిగి పైకి రండి. అది డెబ్బై అడుగుల వరకు ఎక్కుడు. సగంలో ఆగండి, అందరూ ఆగుతారు.

ఆ ఆదివారం ఇంట్లో కూర్చుని చివరి గంట ప్రసారం చూడండి. అప్పటికి అగస్టాలో సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతుంది, చెట్ల నీడలు ఫెయిర్‌వే మీద పడి నేల ఎక్కడ మెరకగా ఉందో, ఎక్కడ పల్లంగా ఉందో ఆ నీడల వంపులోనే కనిపిస్తుంది. మధ్యాహ్నపు ప్రసారంలో ఇది ఉండదు. అంతకన్నా ముందే, పదో హోల్ టీ మీది నుంచి బంతి లేచినప్పుడు కూడా తెరను జాగ్రత్తగా చూడండి. బంతి వెంట కెమెరా తల కిందికి, ఇంకా కిందికి వంగడం ఈసారి మీకు తెలుస్తుంది.